లండన్ నైట్స్ ఛాంపియన్ అయింది మూడుసార్లా, ఆరుసార్లా?

మీరు అడిగింది ఇది. చదువు కోసం ఒంటారియోలోని లండన్‌కి వచ్చారు. బస్సులో, క్లాసులో, టిమ్ హార్టన్స్ కాఫీ షాపు క్యూలో ఎక్కడ విన్నా జనం లండన్ నైట్స్ గురించే మాట్లాడుకుంటున్నారు. ఈ జూనియర్ ఐస్ హాకీ టీమ్ మూడుసార్లు ఛాంపియన్ అని ఒకరు, కాదు ఆరుసార్లని ఇంకొకరు చెప్పారు. ఏది నిజం? ఆడేది కుర్రాళ్లే కదా, ఆ ఆట చూడటానికి తొమ్మిది వేల మంది ఎందుకు వస్తారు?

రెండు లెక్కలూ నిజమే, ఎందుకంటే కప్పులు రెండు. 2025 సీజన్ ముగిసేనాటికి ఒంటారియో హాకీ లీగ్ టైటిల్ ఆరుసార్లు గెలిచింది: 2005, 2012, 2013, 2016, 2024, 2025. కెనడా మొత్తానికి జూనియర్ ఛాంపియన్ ఎవరో తేల్చే మెమోరియల్ కప్ మూడుసార్లు గెలిచింది: 2005, 2016, 2025. మీతో ఆరు అన్నాయన లీగ్ టైటిళ్లు లెక్కపెట్టాడు, మూడు అన్నాయన మెమోరియల్ కప్పులు లెక్కపెట్టాడు. ఇద్దరూ కరెక్టే.

ఈ సంవత్సరాలను ఇంకోసారి చూడండి. టీమ్ ఈ స్థాయి లీగ్‌లో అడుగుపెట్టింది 1965లో. మొదటి టైటిల్ 2005లో. అంటే నలభై ఏళ్లు ఒక్క కప్పూ లేదు, ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఆరు లీగ్ టైటిళ్లు వచ్చాయి. నా దృష్టిలో ఈ టీమ్ చరిత్రలో అడగాల్సిన అసలు ప్రశ్న అదే: మధ్యలో ఏం మారింది? నేను ఉద్యోగం మీద ఈ ఊరికి 90ల చివర్లో వచ్చాను. చాలా ఏళ్లుగా సీజన్ టికెట్ ఉంది. వారాంతాల్లో పిల్లల లీగ్‌లలో టైమ్‌కీపర్ బాక్సులో కూర్చుంటాను. కాబట్టి ఆ మార్పుకి ముందు కాలాన్ని కూడా కొంచెం చూశాను.

ముందు లీగ్ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆ కప్పుల విలువ అర్థం కాదు. కెనడాలో మేజర్ జూనియర్ అనే స్థాయి ఉంది. ఆడేవాళ్లు 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు. 20 నిండినవాళ్లను టీమ్‌లో ముగ్గురికి మించి ఉంచుకోకూడదు. దేశమంతా కలిపి మూడు లీగ్‌లు: ఒంటారియో లీగ్, పశ్చిమాన వెస్టర్న్ లీగ్, తూర్పున క్యూబెక్, మారిటైమ్స్ లీగ్. సరిహద్దు దాటి కొన్ని అమెరికా ఊళ్లు కూడా వీటిలో ఉన్నాయి. ఒంటారియో లీగ్‌లో 20 టీమ్‌లు. ఒక్కొక్కటి 68 మ్యాచ్‌లు ఆడుతుంది, ఆ పైన ప్లేఆఫ్స్ నాలుగు రౌండ్లు. ప్రతి రౌండ్‌లోనూ ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాడు పైకి వెళ్తాడు. నాలుగు రౌండ్లూ గెలిస్తే జె. రాస్ రాబర్ట్‌సన్ కప్. ఆ తర్వాత మూడు లీగ్‌ల విజేతలూ, ఆతిథ్యమిచ్చే ఊరి టీమూ కలిసి నాలుగు టీమ్‌లుగా పది రోజుల టోర్నమెంట్ ఆడతాయి. అదే మెమోరియల్ కప్. 1919లో మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకార్థం మొదలైంది, అందుకే ఆ పేరు.

మన క్రికెట్ భాషలో అండర్-19 అనుకోవచ్చు, కానీ ఒక తేడా ఉంది. అక్కడ దేశం జట్టు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కలుస్తుంది. ఇక్కడ కుర్రాళ్లు సెప్టెంబర్ నుంచి మే దాకా ఒక ఊరిలో ఉండి, ఆ ఊరి చొక్కా వేసుకుని, ఆ ఊరి హైస్కూల్లో చదువుకుంటూ ఆడతారు. జీతం ఉండదు, చిన్న భత్యం ఇస్తారు. లీగ్‌లో ఆడిన ప్రతి సీజన్‌కి తర్వాత ఒక ఏడాది కాలేజీ ఫీజు టీమ్ కడుతుంది. ఊరికి దూరం నుంచి వచ్చిన పిల్లలు బిల్లెట్ ఫ్యామిలీ అనే స్థానిక కుటుంబం ఇంట్లో ఉంటారు. మా వీధిలో ఒకాయన ఇంట్లో ఇలాంటి కుర్రాడు ఉండేవాడు. శుక్రవారం రాత్రి తొమ్మిది వేల మంది ముందు గోల్ కొట్టిన అబ్బాయి శనివారం పొద్దున పార పట్టుకుని మంచు తీస్తుంటే చూడటం ఇక్కడ పెద్ద వింతేమీ కాదు. జనం ఎందుకు వస్తారన్న మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇదే. మిగతా సగం చివర్లో చెప్తాను.

ఇక చరిత్ర. 1965లో టీమ్ పేరు లండన్ నేషనల్స్. టొరంటో మేపుల్ లీఫ్స్‌కి పిల్ల టీమ్. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్ (పెద్దవాళ్ల ప్రొఫెషనల్ హాకీ లీగ్) క్లబ్బులు జూనియర్ టీమ్‌లను నేరుగా పోషించేవి. 1968లో ఒట్టావాకి చెందిన హోవార్డ్ డార్విన్ కొన్నాక పేరు నైట్స్ అయింది. ఇక్కడ నైట్ అంటే కవచం తొడుక్కున్న యోధుడు, రాత్రి కాదు. వెల్లింగ్టన్ రోడ్డు మీద, 401 హైవే దగ్గర ఉన్న లండన్ గార్డెన్స్ అనే పాత రింక్‌లో ఆడేవారు. చివర్లో దాన్నే ఐస్ హౌస్ అన్నారు.

కప్పులు లేవంటే మంచి ఆటగాళ్లు లేరని కాదు. డారిల్ సిట్లర్ ఇక్కడివాడే, తర్వాత మేపుల్ లీఫ్స్ కెప్టెన్. డీనో సిక్కరెల్లి, రాబ్ రామేజ్, బ్రాడ్ మార్ష్ 70లలో ఆడారు. బ్రెండన్ షానహాన్ 1985 నుంచి 87 దాకా ఇక్కడే ఆడి, 1987 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) రెండో స్థానంలో వెళ్లాడు. ఎవ్వరికీ లండన్ చొక్కాలో టైటిల్ లేదు. 1977లో ఫైనల్ దాకా వెళ్లి ఒట్టావా 67స్ చేతిలో ఓడిపోయారు.

ఇక అట్టడుగు 1995-96. 66 మ్యాచ్‌లలో 3 గెలుపులు, 60 ఓటములు, 3 డ్రాలు. మేజర్ జూనియర్‌లో ఇంతకంటే ఘోరమైన సీజన్ వెతికితే దొరకదు. నేను వచ్చేసరికి అది ఊళ్లో జోకుల సరుకు. ఆఫీసులో ఎవరి ప్రాజెక్టు అయినా దెబ్బతింటే "మూడు-అరవై-మూడు" అనేవారు. చిత్రమేమిటంటే ఆ తర్వాత మూడేళ్లకే, 1999లో, అదే టీమ్ లీగ్ ఫైనల్‌కి వెళ్లింది. బెల్‌విల్ బుల్స్ మీద ఏడో మ్యాచ్ దాకా లాగి ఓడింది. జూనియర్ హాకీలో మూడేళ్లంటే ఒక తరం. చెడ్డ టీమ్‌లోని కుర్రాళ్లెవరూ అప్పటికి మిగలరు. మంచి టీమ్‌లోనూ మిగలరు, అక్కడే ఉంది కష్టం.

2000లో డగ్ టారీ దగ్గర నుంచి టీమ్‌ని డేల్ హంటర్, మార్క్ హంటర్ అన్నదమ్ములు, బేసిల్ మెక్రేతో కలిసి కొన్నారు. ముగ్గురూ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లే. హంటర్లది లండన్‌కి పడమర ఉన్న పెట్రోలియా ప్రాంతం, వ్యవసాయ కుటుంబం. డేల్ 19 సీజన్లు ఆడాడు, ఎక్కువగా క్యూబెక్, వాషింగ్టన్ టీమ్‌లకి. కెరీర్‌లో వెయ్యికి పైగా పాయింట్లు (గోల్‌కి ఒకటి, గోల్‌కి దారి తీసిన పాస్‌కి ఒకటి), 3,565 పెనాల్టీ నిమిషాలు (తప్పు ఆటకి శిక్షగా పడే సమయం). ఈ రెండూ ఆ స్థాయిలో ఒకే మనిషికి ఉండటం ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇంకెక్కడా లేదు. 1993లో గోల్ కొట్టి సంబరపడుతున్న ప్రత్యర్థిని వెనకనుంచి గుద్దినందుకు 21 మ్యాచ్‌ల నిషేధం కూడా పడింది. మార్క్ 1989లో కాల్గరీతో ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచాడు.

డబ్బున్నవాళ్లు టీమ్ కొనడం కొత్త కాదు. ఇక్కడ తేడా ఏమిటంటే కొన్నవాళ్లే పనిలోకి దిగారు. 2001 నుంచి డేల్ కోచ్. మార్క్ చలికాలమంతా ఒంటారియో రింకుల్లో తిరిగి పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల ఆట చూసి ఎవరిని తీసుకోవాలో తేల్చేవాడు. చాలా టీమ్‌లలో యజమాని, మేనేజర్, కోచ్ వేరు వేరు మనుషులు. రెండేళ్లు గెలవకపోతే యజమాని కోచ్‌ని మారుస్తాడు, కొత్త కోచ్ పద్ధతి మారుస్తాడు. ఇక్కడ కోచే యజమాని. ఓడినా ఎవరికీ ఉద్యోగ టెన్షన్ లేదు కాబట్టి పదహారేళ్ల కుర్రాడిని నెమ్మదిగా తయారుచేసే ఓపిక ఉంటుంది. నన్నడిగితే ఆరు టైటిళ్ల వెనక మొదటి కారణం ఇది.

రెండో కారణం భవనం. 2002లో డౌన్‌టౌన్‌లో డండాస్, టాల్బట్ వీధుల మూల మీద కొత్త అరీనా కట్టారు. అప్పుడు పేరు జాన్ లబాట్ సెంటర్. 2012లో బడ్‌వైజర్ గార్డెన్స్ అయింది, 2024లో కెనడా లైఫ్ ప్లేస్ అయింది. పాతవాళ్లు మూడు పేర్లలో ఏది వాడినా భవనం ఒకటే, కంగారు పడకండి. ఒక మూలన పాత ఇటుక హోటల్ ముఖద్వారంలా కనిపిస్తుందే, అది ఆ స్థలంలో ఒకప్పుడున్న టాల్బట్ ఇన్‌కి గుర్తుగా తిరిగి కట్టింది. ఊరి చివర హైవే పక్కన ఉన్న రింక్ నుంచి ఊరి నడిబొడ్డుకి వచ్చాక టీమ్ ఆదాయమూ మారింది, జనమూ మారారు.

2005 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ ఏడాది లాకౌట్ (యజమానులు ఆటగాళ్లను ఆడనివ్వకుండా ఆపేయడం) వల్ల ఎన్‌హెచ్‌ఎల్ మొత్తం సీజన్ రద్దయింది. కెనడాలో హాకీ చూడాలంటే జూనియరే దిక్కు. మెమోరియల్ కప్ ఆతిథ్యం లండన్‌కి వచ్చింది. నైట్స్ సీజన్ మొదటి మ్యాచ్ నుంచి 31 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు: 29 గెలుపులు, 2 డ్రాలు. కెనడా మేజర్ జూనియర్‌లో అది రికార్డు. 68లో 59 గెలిచి, ఫైనల్లో ఒట్టావాని ఐదు మ్యాచ్‌లలో ఓడించి, నలభై ఏళ్ల తర్వాత మొదటి లీగ్ టైటిల్ కొట్టారు. కోరీ పెర్రీ ఆ సీజన్‌లో 130 పాయింట్లతో లీగ్‌లో మొదటివాడు.

మెమోరియల్ కప్ ఫైనల్లో ఎదురుగా వచ్చింది క్యూబెక్‌లోని రిమూస్కీ ఊరి జట్టు. అందులో సిడ్నీ క్రాస్బీ. ఆ ఏడాది 168 పాయింట్లు చేసిన కుర్రాడు, దేశమంతా టీవీ ముందు కూర్చుంది అతని కోసమే. మే 29న లండన్ 4-0తో గెలిచింది. క్రాస్బీకి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. గోలీ (గోల్‌కీపర్) ఆడమ్ డెన్నిస్ గోడలా నిలబడ్డాడు, టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడు పెర్రీ. 2018లో మెమోరియల్ కప్ నూరో టోర్నమెంట్ సందర్భంగా శతాబ్దపు ఉత్తమ జట్టుగా ఎంపికైంది కూడా ఈ 2005 నైట్సే. ఆ ఏడాది చూసినవాళ్లతో వాదన పెట్టుకోకండి, తెల్లారిపోతుంది.

మీ స్నేహితుల్లో ఎవరో ఒకరు "ఆతిథ్యం ఇచ్చారు కాబట్టి ఊరికే ఎంట్రీ దొరికింది, అందుకే గెలిచారు" అంటారు. 2005కి అది వర్తించదు. లండన్ లీగ్ టైటిల్ కూడా గెలిచింది కాబట్టి ఒంటారియో నుంచి ఫైనల్లో ఓడిన ఒట్టావాకి కూడా చోటు దొరికింది. ఆతిథ్యం వల్ల మాత్రమే ఆడింది 2014లో. ఆ ఏడాది ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లోనే గ్వెల్ఫ్ చేతిలో ఓడి, సొంత ఊళ్లో జరిగిన మెమోరియల్ కప్‌లో మూడుకి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు. సొంత ఐస్ మీద అలా చేతులెత్తేయడం చూడటం బాధే.

నిజానికి ఆతిథ్య జట్టు అనే ఏర్పాటు లండన్‌కి మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. 2012లో లీగ్ గెలిచి మెమోరియల్ కప్‌కి క్యూబెక్‌లోని షావినిగన్ వెళ్లారు. తన లీగ్ గెలవకపోయినా ఆతిథ్యంతో వచ్చిన షావినిగన్ ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో 2-1తో కొట్టింది. 2024లో ఇంకా దారుణం. ప్లేఆఫ్స్‌లో సాగినాని ఆరు మ్యాచ్‌లలో ఓడించి, తర్వాత ఓషావా మీద నాలుగుకి నాలుగు గెలిచి టైటిల్ తెచ్చుకున్నారు. మెమోరియల్ కప్ జరిగింది మిషిగన్‌లోని సాగినాలోనే. తాము ఓడించిన ఆ సాగినాయే ఆతిథ్య జట్టుగా ఫైనల్లో ఎదురైంది. లండన్ 0-3 వెనకబడి 3-3 చేసింది. ఇక ఓవర్‌టైమ్ అనుకుంటుండగా, ఇరవై రెండు సెకన్లు కూడా లేని సమయంలో జాష్ బ్లూమ్ గోల్ కొట్టాడు. 4-3. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ రిమోట్ పగిలింది, అది నా చేతిలోదే.

ఈ ఏర్పాటు అన్యాయమా అంటే, నా అభిప్రాయం కాదు. ఆతిథ్యమిచ్చే ఊరు ఒక సీజన్ ముందు నుంచే టికెట్లు అమ్ముకోవాలి, టీమ్ లేకుండా అది జరగదు. కానీ లీగ్ టైటిల్‌కి ఉన్న బరువు మెమోరియల్ కప్‌కి లేదని నేను నమ్ముతాను. రెండు నెలలు నాలుగు సిరీస్‌లు గెలవడం వేరు, పది రోజుల్లో నాలుగైదు మ్యాచ్‌లు ఆడటం వేరు. టోర్నమెంట్‌లో ఒక గోలీకి జ్వరం వస్తే అంతే సంగతులు. అందుకే ఎవరైనా నన్ను అడిగితే ముందు ఆరు అని చెప్పి, తర్వాత మూడు చెప్తాను.

2012, 2013 టైటిళ్ల మధ్య ఒక చిన్న విశేషం. 2011 చివర్లో డేల్ హంటర్ వాషింగ్టన్ క్యాపిటల్స్ కోచ్‌గా ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్లాడు. మిగిలిన సీజన్ తమ్ముడు మార్క్ కోచ్‌గా నిలబడి 2012 టైటిల్ తెచ్చాడు. క్యాపిటల్స్ ఉండమన్నా ఉండక, సీజన్ అయిపోగానే డేల్ లండన్‌కి తిరిగొచ్చేశాడు. తర్వాతి ఏడాది, 2013లో, బ్యారీ కోల్ట్స్‌తో ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. స్కోరు 2-2. బో హోర్వాట్ గోల్ కొట్టినప్పుడు గడియారంలో మిగిలింది సెకనులో పదో వంతు. టైమ్‌కీపర్ బాక్సులో కూర్చునేవాడిని కాబట్టి ఆ 0.1 గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. ఆ గోల్‌తో 3-2, టైటిల్ లండన్‌ది. ఆ ఏడాది సాస్కటూన్‌లో జరిగిన మెమోరియల్ కప్‌లో సెమీఫైనల్లో పోర్ట్‌లాండ్ చేతిలో ఓడారు.

2016 జట్టుని నేను ఆటపరంగా అన్నిటికంటే ఇష్టపడతాను. 2005 జట్టు ప్రత్యర్థిని నలిపేసేది, 2016 జట్టు ఆడుకునేది. మిచ్ మార్నర్, క్రిస్టియన్ డ్వొరాక్, మాథ్యూ కచక్ ముగ్గురూ ఒకే లైన్ (కలిసి ఐస్ మీదకి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు). ఆ సీజన్ వాళ్ల పాయింట్లు వరసగా 116, 121, 107. ప్లేఆఫ్స్ మధ్యలో మొదలుపెట్టి మెమోరియల్ కప్ చివరిదాకా వరసగా 17 మ్యాచ్‌లు గెలిచారు. రెడ్ డీర్‌లో ఫైనల్, రూవాన్-నొరాండా మీద 3-2, ఓవర్‌టైమ్ గోల్ కచక్‌ది. ఉత్తమ ఆటగాడు మార్నర్. కచక్ లండన్‌లో ఉన్నది ఒక్క సీజనే. తర్వాత ఫ్లోరిడాతో 2024, 2025 స్టాన్లీ కప్పులు గెలిచాడు.

ఇక మీరు ఊళ్లో ఎక్కువగా వినేది ఈస్టన్ కోవన్ పేరు, అతను పక్కనే ఉన్న మౌంట్ బ్రిడ్జెస్ కుర్రాడు కాబట్టి. 2023 ఫైనల్లో పీటర్‌బరో చేతిలో ఓటమి, 2024లో సాగినా దెబ్బ, రెండూ తిన్నవాడు. 2025లో జట్టు ప్లేఆఫ్స్‌లో 17 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే ఓడింది. అదీ ఫైనల్లో ఓషావా మీద. మెమోరియల్ కప్ రిమూస్కీలో. లీగ్ దశలో మెడిసిన్ హ్యాట్ టైగర్స్ లండన్‌ని ఓడించారు. ఆ జట్టులో గావిన్ మెకెన్నా అనే అద్భుతమైన కుర్రాడు ఉన్నాడు, అందరూ వాళ్లదే కప్పు అనుకున్నారు. జూన్ 1 ఫైనల్లో లండన్ 4-1తో గెలిచింది. కోవన్ ఉత్తమ ఆటగాడు, డెన్వర్ బార్కీ కెప్టెన్. 2005లో ఓడించింది రిమూస్కీ జట్టుని, 2025లో గెలిచింది రిమూస్కీ ఊళ్లో. పాత అభిమానులు ఈ ముక్క మీకు చెప్పకుండా వదలరు.

పెద్ద పేర్లు ఉంటే కప్పు వస్తుందనుకోకండి. ఇది కొత్తగా చూసేవాళ్లందరూ పొరబడే చోటు. రిక్ నాష్ 2002లో ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో నంబర్ వన్, లండన్‌లో టైటిల్ లేదు. ప్యాట్రిక్ కేన్ 2006-07లో 145 పాయింట్లు చేశాడు, తర్వాత 2007 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్. ఆ ఏడాది కాన్ఫరెన్స్ ఫైనల్లో (లీగ్‌లోని ఒక సగానికి ఫైనల్) ప్లిమత్ చేతిలో ఓడారు. 2009 జనవరిలో జాన్ తవారెస్‌ని ఓషావా నుంచి తెచ్చుకున్నారు, అతనూ ఆ ఏడాది నంబర్ వన్. విండ్సర్ చేతిలో ఓడారు. ఒక కుర్రాడు మ్యాచ్‌లో మూడో వంతు సమయమే ఐస్ మీద ఉంటాడు. మిగతా సమయంలో మూడో లైన్, నాలుగో లైన్ ఎవరన్నదే కప్పు ఎవరిదో తేలుస్తుంది. ఇంకా చెప్పాలంటే 2019లో గ్వెల్ఫ్ మీద 3-0 ఆధిక్యంలో ఉండి, తర్వాతి నాలుగూ వరసగా ఓడారు. ఆ గ్వెల్ఫే ఆ ఏడాది లీగ్ గెలిచింది. లండన్ ఓడదు అని ఎవరైనా అంటే ఈ సిరీస్ గుర్తుచేయండి.

లండన్ అంటే పడనివాళ్లూ చాలామంది, వాళ్ల వాదన కూడా వినాలి. లీగ్‌లో అడుగున నిలిచిన టీమ్ కుర్రాళ్లను ముందు ఎంచుకుంటుంది, పైన నిలిచినవాడు చివర్లో. ఈ పద్ధతి అందరినీ సమం చేయడానికే. కానీ లండన్ ఏటా పైన ఉంటూ కూడా మంచి కుర్రాళ్లను ఎలా తెచ్చుకుంటోంది? ఒక జవాబు, బాగా చూసి ఎంచుకుంటారు. మార్నర్‌ని 2013లో 19వ స్థానంలో తీసుకున్నారు, అంటే అంతకుముందు పద్దెనిమిది సార్లు వేరే పేర్లు పిలిచారు. ఇంకో జవాబు, కుర్రాళ్లే లండన్‌కి రావాలనుకుంటారు. మ్యాక్స్ డోమీని 2011లో కింగ్‌స్టన్ ఎనిమిదో స్థానంలో ఎంచుకుంది. అతను అక్కడ ఆడలేదు, ట్రేడ్ (టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) మీద లండన్ వచ్చాడు. పిల్లాడి తండ్రి స్థానంలో ఉండి ఆలోచిస్తే తప్పు పట్టలేం. ఏ కోచ్ దగ్గర పంపితే ఎన్‌హెచ్‌ఎల్‌కి దారి పడుతుందో చూసుకుంటారు కదా. కింగ్‌స్టన్ అభిమాని స్థానంలో ఉంటే మాత్రం కడుపు మండుతుంది. చిన్న ఊళ్ల టీమ్‌లకి ఇది నిజమైన ఇబ్బందే. హంటర్ల తెలివిని మెచ్చుకుంటూనే నేను ఈ మాట ఒప్పుకుంటాను.

చరిత్రలో అతి గొప్ప జూనియర్ టీమ్ లండనేనా అని ఎవరైనా అడిగితే కాదనే చెప్పండి. ఓషావా జెనరల్స్‌కి మెమోరియల్ కప్పులు అయిదు: 1939, 1940, 1944, 1990, 2015. ఇప్పుడు లేని టొరంటో మార్ల్‌బరోస్‌కి ఏడు. కామ్లూప్స్ బ్లేజర్స్ 1992, 1994, 1995లలో నాలుగేళ్లలో మూడు గెలిచారు. ఆ ఊపు లండన్‌కి ఎప్పుడూ లేదు. లండన్ గొప్పతనం ఇంకో రకం. 2005 కప్పు గెలిచిన కుర్రాళ్లు, 2016 కుర్రాళ్లు, 2025 కుర్రాళ్లు మూడు వేరు వేరు తరాలు. ప్రతి రెండు మూడేళ్లకి జట్టు మొత్తం మారిపోయే ఆటలో ఇరవై ఏళ్లు పైనే ఉండటం చాలా అరుదు.

జనం ఎందుకు వస్తారన్న దాంట్లో మిగతా సగం. లండన్‌లో పెద్దవాళ్ల ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ లేదు. టొరంటో రెండు గంటల దూరం, అక్కడ మేపుల్ లీఫ్స్ టికెట్ మామూలు కుటుంబానికి అందేది కాదు. ఇక్కడ భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి వెళ్లినా జేబు తట్టుకుంటుంది. పైగా ఈ రాత్రి చూసిన కుర్రాడు మూడేళ్ల తర్వాత టీవీలో కనిపిస్తాడు. "వీణ్ని నేను పదిహేడేళ్లప్పుడు చూశాను" అని చెప్పుకోవడంలో ఒక గర్వం ఉంటుంది. నేనూ చెప్పుకుంటూనే ఉంటాను, మా ఆవిడకి విసుగొచ్చేదాకా.

మీరు మొదటిసారి వెళ్లేటప్పుడు కిచెనర్ రేంజర్స్ మ్యాచ్ ఎంచుకోండి. 401 మీద గంట దూరంలోని ఊరు, పాత పోటీ, కిచెనర్‌కి కూడా 1982, 2003 మెమోరియల్ కప్పులు ఉన్నాయి. హోమ్ మ్యాచ్‌లు ఎక్కువగా శుక్రవారం రాత్రులే, ఆ రోజుల్లో సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోండి. లోపల బయటంత చలి ఉండదు, ఒక స్వెట్టర్ చాలు. పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) ఎటు పోతుందో మొదట్లో కళ్లకి అందదు. అందుకే గాజు పక్కన సీటు కాకుండా కాస్త పైన కూర్చోండి, ఆట మొత్తం పరుచుకుని కనిపిస్తుంది. మొదటి విరామంలో తలెత్తి పైకప్పు కింద వేలాడే బ్యానర్లు చూడండి. లీగ్‌వి వేరు, మెమోరియల్ కప్‌వి వేరు. మీ స్నేహితుల వాదన అక్కడికక్కడే తేల్చేయొచ్చు.